ప్రోస్టేటుతో రెండేళ్ల కాపురం

అరవై దాటిన మగవాళ్లు నలుగురు కలిస్తే మోకాళ్ల గురించి మాట్లాడుకుంటారు, షుగర్ గురించి మాట్లాడుకుంటారు, అవసరమైతే పళ్లసెట్టు తీసి చూపిస్తారు. మూత్రం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఎవరైనా ఎత్తుతారేమోనని ముందే లేచి గోడవైపు వెళ్లిపోతారు. నేనూ అలాగే రెండేళ్లు గోడల వెంట తిరిగాను. ఇప్పుడు ఒళ్లు కుదుటపడింది. సిగ్గేమో ఆపరేషన్ బల్ల మీదే పోయింది. అందుకే రాస్తున్నాను. నాలాంటి మొండిఘటాలకు పనికొస్తే మంచిదే. పనికిరాకపోతే నవ్వుకోండి, మా ఇంట్లో అందరూ ఇప్పటికే నవ్వేశారు.

నా పేరు జయరాజ్. పుట్టి పెరిగింది బీదర్‌లోనే. మా తాతల కాలం నుంచీ మేము క్రైస్తవులం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం, బజారులో ఉర్దూ. పశువుల దవాఖానాలో కాంపౌండరుగా చేసి, ఔరాద్, బగ్దల్, బసవకళ్యాణ్ అన్నీ తిరిగి, సొంత ఊళ్లోనే రిటైరయ్యాను. రిటైరయ్యాక మా సంఘంలో నాకొక బాధ్యత అప్పగించారు. ప్రతి శుక్రవారం సాయంత్రం సంఘస్తుల్లో ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థనకూటం జరుగుతుంది. పాటలు, వాక్యం, ప్రార్థన, చివర చాయ్. ఏ వారం ఎవరింట్లో అనేది నేను నిర్ణయించి ఆదివారం ఆరాధనలో ప్రకటించాలి. ఇదేం పదవి అనుకోకండి. తన ఇంటి పేరు రెండు నెలలు రాకపోతే మొహం తిప్పుకొని పోయేవాళ్లను నేను చాలామందిని చూశాను.

జబ్బు వానాకాలంలో మొదలైంది. వెళ్లొచ్చి కూర్చుంటే మళ్లీ వెళ్లాలనిపించేది. వెళ్తే వచ్చేది కాదు. వచ్చినట్టే వచ్చి ఆగేది. ఆగిందని వచ్చేస్తే మిగిలింది పంచె మీద. రాత్రిళ్లు మంచానికీ బాత్రూముకూ మధ్య నా కాపలా చూసి వీధికుక్కలు కూడా మొరగడం మానేశాయి. ఒకరోజు మా ఆవిడ సుగుణమ్మ తలుపు కొట్టి అడిగింది.

"ఏందయ్యా, గంతసేపు లోపల ఎవరితోనన్న మాట్లాడుతున్నవా?"

"ఎవరితోని మాట్లాడ్త? బతిమిలాడుతున్న," అన్నాను.

దవాఖానాకు పోదామంది. నేనెందుకు పోతాను? ముప్పై ఏళ్లు వైద్యం చేసినవాణ్ణి. నేను చూసిన రోగులకు నాలుగు కాళ్లున్నాయనేది వేరే సంగతి. ఎద్దుకు మూత్రం బందయిందంటే రాయి అడ్డం పడినట్టు. ఇది మా దవాఖానాలో ఊడ్చే మనిషికి కూడా తెలుసు. కాబట్టి నాకూ రాయే అని తీర్మానించుకున్నాను. రాయికి ఉలవలు మంచివి కదా. ఉలవలు ఉడికించిన నీళ్లు పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు తాగడం మొదలుపెట్టాను. తలుపు మూసుకుపోయిన గదిలోకి ఇంకా పదిమందిని తోసినట్టయింది. అయినా మానలేదు. రాయి కరుగుతోంది, అందుకే నొప్పి అని సుగుణమ్మకు చెప్పేవాణ్ణి.

ఆ తర్వాతి ఏడాది గుడ్‌ఫ్రైడే వచ్చింది. ఆ రోజు మా ఆరాధన మిట్టమధ్యాహ్నం నుంచి మూడింటి దాకా. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. నా వంతుకు ఐదో మాట వచ్చింది, దాహం గురించి. మూడు గంటలు బెంచీ మీద కూర్చోవడం నా వల్ల అయ్యే పనేనా? ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేశాను. ఉలవల నీళ్లు కూడా. బీదర్ ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నా వంతు వచ్చేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. దాహం అనే మాట అనబోతే గొంతు పెగలలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందు వరసలో ఆడవాళ్లు ఏడవడం మొదలుపెట్టారు. పాస్టరమ్మ జాలిపడి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. నేను ఆ గ్లాసును పామును చూసినట్టు చూసి వెనక్కి జరిగాను. దాంతో సంఘమంతా ఏడ్చింది. బయటికి వచ్చాక పెద్దమనుషులు చేతులు పట్టుకొని, ఇంత ఆత్మీయమైన ప్రసంగం ఈ మధ్య వినలేదన్నారు. నేను చేతులు విడిపించుకొని వెనక గోడవైపు పరుగెత్తాను. అది వినయమనుకున్నారు.

అప్పటికి ఇళ్లను చూసే నా చూపు పూర్తిగా మారిపోయింది. ఎవరింటికి వెళ్లినా గోడ మీద వాక్యం చూసేవాణ్ణి కాదు, బాత్రూము ఎటువైపుందో చూసేవాణ్ణి. హైదరాబాదులో భూముల ధరలు పొంగుతున్న రోజులవి. ఆ పొంగు జహీరాబాద్ దాటి మా దాకా వచ్చింది. తెలంగాణ నుంచి ఉద్యోగాలకూ వ్యాపారాలకూ వచ్చినవాళ్లు ఊరి బయట కొత్త కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఇళ్లలో హాల్లో కూర్చుంటే నాలుగడుగుల దూరంలో తలుపు, తలుపు వెనక తెల్లటి టైల్సు. మా పాత ఊరి వాళ్ల ఇళ్లు అలా కాదు. ఎర్రరాతి గోడలు, ముందు గది, నడిమి గది, వంటగది, పెరడు, బర్రెల కొట్టం, అన్నీ దాటాక ఆఖరున సండాసు. కూటం మధ్యలో లేచి అక్కడికి వెళ్లాలంటే ఇంటి ఆడవాళ్లందరికీ హాజరు చెప్పుకొని పోవాలి. కాబట్టి శుక్రవారాలన్నీ నెమ్మదిగా కొత్త కాలనీకి జరిగిపోయాయి. ఎవరూ గమనించరనుకున్నాను. సంఘంలో ఎవరూ గమనించని సంగతి అంటూ ఒకటుంటుందా?

ఇక్కడ శాంతప్ప గురించి చెప్పాలి. రక్తసంబంధం లేదు గానీ చిన్నప్పటి నుంచీ వరస పెట్టి పిలుచుకుంటాం, నాకు బావ. పాత ఊళ్లో అతనికి పిండి గిర్ని ఉంది. జొన్నలైనా గోధుమలైనా అతను పట్టిన పిండి ముందు ఇంకెవరి పిండీ నిలవదు. ఆ గిర్ని మోతలో జీవితమంతా మాట్లాడి మాట్లాడి అతని గొంతు ఎలా తయారైందంటే, చెవిలో రహస్యం చెప్పినా ఊరి నడిమి చౌబారా బురుజు దాకా వినిపిస్తుంది. ఈస్టరు తర్వాతి మొదటి శుక్రవారం కూటం వాళ్ల ఇంట్లోనే. మా ఇద్దరి నాయనల కాలం నుంచీ అదే ఆనవాయితీ. ఆ ఏడాది ఈస్టరునాడు నేను ప్రకటన చదివాను. మొదటి కూటం విక్టర్ గారి ఇంట్లో, కొత్త కాలనీ.

గుడిలో ఒక్కసారిగా దగ్గులు ఆగిపోయాయి. విక్టర్ మెదక్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు. ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం, సెలవురోజుల్లో ప్లాట్ల వ్యాపారం. మంచివాడే. అయితే ఆ వేసవిలో మా సంఘం కమిటీకి ఎన్నికలున్నాయి. కార్యదర్శి పదవికి ఒకవైపు పాత ఊరి తరఫున శాంతప్ప, మరోవైపు కొత్త కాలనీ తరఫున విక్టర్. ఇది నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ రోజుల్లో నా బుర్రకు రాజకీయం ఎక్కలేదు. విక్టర్ ఇంట్లో హాలు పక్కన ఒకటి, మెట్ల కింద ఒకటి, రెండు బాత్రూములున్నాయి. నాకు కనబడింది అంతే.

ఆ సాయంత్రమే శాంతప్ప మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బావా, మా నాయిన దినాలసంది మొదటి కూటం మా ఇంట్లనే. గీసారి ఏమైంది? మేమేం తప్పు చేసినం?"

"తప్పేం లేదు బావా. అందరికి అవకాశం ఇయ్యాలె గద."

"అవకాశమా? దేనికి? గా పిలగానికి ఓట్లు అడుక్కునే అవకాశమా?"

సరిగ్గా అప్పుడే నాకు ముంచుకొచ్చింది. అతను మాట్లాడుతున్నాడు, నేను ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాను. ఉన్నమాట చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ గొంతు గుర్తొచ్చింది. ఇతనికి చెబితే రేపు పొద్దున గిర్నికి వచ్చే ప్రతి మనిషికీ పిండితో పాటు నా మూత్రం సంగతి కూడా అందుతుంది. "జర ఉండు బావా, ఇప్పుడే వస్త," అని లోపలికి పరుగెత్తాను. నా సంగతి తెలిసిందే కదా, తిరిగి వచ్చేసరికి చాలాసేపయింది. గుమ్మంలో చెప్పులు లేవు.

"మొఖం చూపియ్యలేక లోపల దాక్కున్నవని పోయిండు," అంది సుగుణమ్మ. "నిజం చెప్తె ఏం పోయేది?"

"ఇజ్జత్ పోయేది."

"ఇప్పుడు బావ పోయిండు," అంది.

ఎన్నికల్లో శాంతప్ప ఓడిపోయాడు. తేడా కొద్దిపాటిదే. నేనే ఓడించానని పాత ఊరంతా అనుకుంది. కొత్త కాలనీ వాళ్లు కూడా అదే అనుకొని నాకు దండాలు పెట్టారు, అది ఇంకా ఘోరం. మరుసటి ఆదివారం శాంతప్ప మా బెంచీలో కూర్చోలేదు. చిన్నప్పుడు నిక్కర్లేసుకొని కూర్చున్న బెంచీ అది. అతను కిటికీ పక్కకు మారాడు. పాటల పుస్తకం తెరిస్తే కళ్లద్దాలు నావో అతనివో చూసుకోకుండా పెట్టుకునేవాళ్లం. ఆ రోజు నా అద్దాలు నేనే పెట్టుకున్నాను. నాకు చాలా బాధేసింది. అయినా నోరు విప్పలేదు.

చలికాలం వచ్చింది. క్రిస్మస్‌కు ముందు ఒక శుక్రవారం మళ్లీ విక్టర్ ఇంట్లో కూటం. జలుబు చేసి ముక్కు కారుతుంటే మధ్యాహ్నం మెడికల్ షాపులో జలుబు గోళీలు అడిగి వేసుకున్నాను. జలుబు మందుల్లో కొన్ని ఈ జబ్బున్నవాళ్లకు శత్రువులని తర్వాత డాక్టరు చెప్పాడు. మీరు గుర్తుపెట్టుకోండి, మందు కొనేటప్పుడు జబ్బు సంగతి దాచకండి. నాకప్పుడు తెలియదు. పాటలు మొదలవగానే లేచి మెట్ల కింది బాత్రూములోకి వెళ్లాను. అద్దం ఉంది, వేడినీళ్లు ఉన్నాయి, మంచి వాసన వచ్చే సబ్బు ఉంది. రావాల్సింది ఒక్కటి రాలేదు. చుక్క కూడా రాలేదు. పొత్తికడుపు రాయిలా గట్టిపడింది. బయట పాట అయిపోయింది, ఇంకొకటి ఎత్తుకున్నారు. అదీ అయిపోయింది. నా కోసం ఆగుతూ, పుస్తకంలో ఉన్నన్ని పాటలూ పాడినట్టున్నారు. చివరికి విక్టర్ వచ్చి తలుపు తట్టాడు.

"అంకుల్, వాక్యం మీరే చెప్పాలె. అందరు చూస్తున్నరు."

"మీరు కానియ్యండి," అన్నాను. ఆ మాట అనడానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది.

చివరికి సుగుణమ్మ వచ్చి, "తీస్తవా, పలగొట్టమంటవా?" అని అడిగితే తలుపు తీశాను. ఆవిడ నా మొహం చూడగానే కారు తీయమని కేకేసింది. విక్టర్ కారులో దవాఖానాకు తీసుకుపోయారు. దారిలో ప్రతి గుంతకూ నేను దేవుణ్ణి తలుచుకున్నాను. ఆ రోజు కూటంలో జరగాల్సిన ప్రార్థన కారులోనే జరిగిపోయింది.

డాక్టరు కుర్రవాడు. "ఎష్టు దినదింద, యజమాన్రే?" అని కన్నడంలో అడిగాడు, ఎన్నాళ్ల నుంచి అని. నిరుడు వానల నుంచి అన్నాను. అతను మొహం చిట్లించి, ముందు మూత్రం దారిలో గొట్టం వేసి చివర సంచి తగిలించాడు. వేసేటప్పుడు బాధే, అబద్ధం చెప్పను. ఆ తర్వాత సంచి నిండడం మొదలైంది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. "నా పెండ్లినాడు కూడ ఇంత సంతోషం కాలేదు డాక్టర్‌సాబ్," అనేశాను. సుగుణమ్మ పక్కనే ఉందని అన్న తర్వాత గుర్తొచ్చింది.

కడుపు తేలికయ్యాక చేతికి గ్లౌజు వేసుకొని, పక్కకు తిరిగి పడుకోమన్నాడు. సంగతి అర్థమై నేను గోల మొదలుపెట్టాను. ఒక్క వేలు. నా ఉద్యోగంలో ఎన్ని బర్రెలకు ఎన్నిసార్లు భుజం దాకా చెయ్యి పెట్టి చూలు కట్టిందో లేదో చూశానో లెక్కలేదు. వాటిలో ఏ ఒక్కటీ నాలా అరవలేదు.

తర్వాత తెలుగులో తీరిగ్గా చెప్పాడు. మూత్రాశయం కింద, మూత్రం వచ్చే దారి చుట్టూ మగవాళ్లకు ఒక గ్రంథి ఉంటుందట. పేరు ప్రోస్టేటు. వయసులో చిన్నగానే ఉంటుంది. ముసలితనం వచ్చేకొద్దీ చాలామందికి పెరుగుతుంది, పెరిగి ఆ దారిని నొక్కేస్తుంది. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, వేళకు వస్తే గోళీలతోనే చాలామంది గడిపేస్తారు. ఇన్నాళ్లు ఆపుకోవడం, నీళ్లు మానడం, మళ్లీ చెంబులకు చెంబులు తాగడం, వీటితో నా మూత్రపిండాలు పాడయ్యేవని, కొద్దిలో తప్పిందని చెప్పాడు.

"నేను రాయి అనుకున్న సార్," అన్నాను. "మా ఎద్దులకు గిట్లయితె రాయే ఉంటుండె. ఏ ఎద్దుకు గీ గడ్డ పెరగంగ చూడలే."

"ఎలా పెరుగుతుంది? దాన్ని పెంచే మగ సరుకు వాటికి ఉండనిస్తేగా? చిన్నప్పుడే విత్తులు కొట్టించింది మీరే కదా," అన్నాడతను.

ఆ మాటకు సుగుణమ్మ కొంగు నోట్లో కుక్కుకొని బయటికి వెళ్లిపోయింది. వరండాలో ఆమె నవ్వు చాలాసేపు వినిపించింది.

నవ్వులు అక్కడితో ఆగిపోయాయి. క్యాన్సరు కాదని తెలుసుకోవడానికి రక్తం తీసి పరీక్షకు పంపారు. జవాబు వచ్చేదాకా నాకు నిజంగా భయమేసింది. చూడటానికి సంఘమంతా వచ్చింది. యాపిళ్లు తెచ్చారు, కొబ్బరిబోండాలు తెచ్చారు. ఏం జబ్బని అడిగితే సుగుణమ్మ "కింది కడుపు" అని చెప్పి మాట మార్చేది. తలుపు చప్పుడైన ప్రతిసారీ నేను తల ఎత్తి చూసేవాణ్ణి. శాంతప్ప రాలేదు. పోతే పోతాను, వయసైంది. కానీ మా మధ్య మాటల్లేకుండా పోతానేమో అనే ఆలోచన రాగానే పక్కకు తిరిగి పడుకొని ఏడ్చాను. ఒకరోజు అతని భార్య మేరమ్మ జొన్నపిండి పట్టుకొచ్చింది. "మా ఆయన పంపలే అన్నయ్యా, నేనే తెచ్చిన," అంది. పిండి వేళ్ల మధ్య నలిపి చూశాను. అంత మెత్తగా అతను తప్ప ఎవరూ పట్టరు. అడగని మాటకు ఆమె ఎందుకు జవాబు చెప్పిందో నాకు అర్థమైంది.

పరీక్షలో చెడు ఏమీ లేదని వచ్చింది. గోళీలు వేసి గొట్టం తీసి చూశారు. మళ్లీ బంద్. మళ్లీ గొట్టం. అప్పుడు హైదరాబాద్‌లో నర్సుగా పనిచేసే మా అమ్మాయి రూతు ఫోన్లో గట్టిగా అరిచింది. "నాయినా, ఇంక నీ డాక్టరీ బంద్ చెయ్యి. ఇక్కడికి రా." కొత్త సంవత్సరం ఆరాధన కాగానే బయలుదేరాం.

రైలెక్కాం. గొట్టానికి ఉన్న సంచిని సుగుణమ్మ ఒక గుడ్డసంచిలో పెట్టి నా కాళ్ల దగ్గర ఉంచింది. ఆ సంచి నడుముకంటే కిందే ఉండాలి, పైకి ఎత్తితే మూత్రం వెనక్కి మళ్లుతుంది. ఎదురు సీట్లో ఉన్న మనిషికి మర్యాద ఎక్కువ.

"పెద్దాయనా, కాళ్లకు అడ్డమైతాంది, సంచి ఇటియ్యి, పైన పెడ్త," అన్నాడు.

"వద్దు బిడ్డా, ఉండనియ్యి."

"ఫికర్ చెయ్యకు, నేను చూస్కుంట," అని వంగాడు. నేను సంచిని రెండు చేతులతో పట్టుకున్నాను. అతను నా మొహం చూశాడు, సంచి చూశాడు, చటుక్కున వెనక్కి జరిగి కన్ను గీటాడు. భూమి అమ్మిన పైసలు హైదరాబాద్‌లో ప్లాటు రిజిస్ట్రేషన్‌కు పట్టుకుపోతున్నానని అతను తీర్మానించుకున్నాడు. ఆ రోజుల్లో ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన అదే. వికారాబాద్ వచ్చేలోపు డబ్బా అంతా ఆ సంగతి పాకింది. ఎక్కడ కొనాలో, ఎవరిని నమ్మకూడదో నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. చాయ్ అమ్మేవాడు దగ్గరికొస్తే "ముసలాయన సంచి జాగ్రత్త" అని అడ్డం నిలబడ్డారు. దిగేటప్పుడు ఇద్దరు అటూ ఇటూ కాపలాగా స్టేషన్ బయటి దాకా వచ్చారు. నా మూత్రానికి అంత బందోబస్తు మళ్లీ ఎప్పుడూ దొరకదు.

దవాఖానా అద్దాల మేడ. బయట చలికాలపు ఎండ వెచ్చగా ఉంటే లోపల వణికించే చలి. వెయిటింగ్ హాలులో వరసగా నా వయసువాళ్లే. ఒకాయన కాళ్లు ఊపుతున్నాడు, ఒకాయన నీళ్లసీసా వైపు అనుమానంగా చూస్తున్నాడు. ఒక్కరూ ఇంకొకరి కళ్లలోకి చూడటం లేదు. కోర్టులో ముద్దాయిలను చూసినట్టుంది. చివరికి నా పక్కనున్న ఖాదర్ సాబ్ అనే పెద్దాయన గొంతు సవరించుకొని, "మీది బందా, ధార సన్నమా?" అని అడిగాడు. అంతే, కట్ట తెగినట్టు అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. అరగంటలో నాకు వాళ్లందరి సంగతులూ తెలిశాయి. ఇన్నాళ్లు ఈ లోకంలో నేనొక్కణ్ణే అనుకున్నాను.

ఆపరేషన్‌లో కోత లేదు. నడుము కింద మొద్దుబారేట్టు సూది ఇచ్చి, వచ్చే దారిలోనే సన్నని పనిముట్టు పంపి, అడ్డంగా పెరిగిందంతా లోపలి నుంచి చెక్కేశారు. నాకు తెలిసిందల్లా డాక్టర్లు పైన క్రికెట్ మాట్లాడుకోవడమే. రెండు రోజులు సంచిలో ఎర్రనీళ్లు. తర్వాత గొట్టం తీసి, నీళ్లు తాగండి, సొంతంగా పోస్తే ఇంటికి పంపిస్తాం అన్నారు. అదే అసలు పరీక్ష. నేను బాత్రూములో. తలుపు బయట కొలత డబ్బాతో రూతు, కళ్లు మూసుకొని ప్రార్థనలో సుగుణమ్మ, తన వంతు కోసం గోడకానుకొని ఖాదర్ సాబ్. ఇంతమంది ఎదురుచూస్తుంటే ఎలా వస్తుంది? నాకు చెమటలు పట్టాయి. అప్పుడు ఖాదర్ సాబ్ నెమ్మదిగా బయటి వాష్‌బేసిన్ నల్లా తిప్పి వదిలేశాడు. నీళ్ల చప్పుడు వింటూ నిలబడ్డాను. నా చప్పుడు ఎప్పుడు కలిసిందో నాకే తెలియలేదు. "వచ్చింది!" అని అరిచాను. బయట ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

బీదర్ తిరిగొచ్చాక కొద్దివారాలు మంటలు, అత్యవసరాలు ఉన్నాయి, తర్వాత సర్దుకుంది. నడక కుదరగానే నేను చేసిన మొదటి పని శాంతప్ప గిర్నికి వెళ్లడం. డబ్బాలు పట్టుకొని ఆడవాళ్లు వరసలో ఉన్నారు. గిర్ని నడుస్తోంది. అతను నన్ను చూసి కూడా మోటారు ఆపలేదు. నేను దగ్గరికెళ్లి అరవడం మొదలుపెట్టాను.

"బావా! మీ ఇంట్ల కూటం పెట్టకపోవుడు ఎలక్షన్ కోసం కాదు! నాకు బిమారి ఉండె!"

వినబడలేదన్నట్టు చెవి చూపించాడు. నేను ఇంకా గొంతు పెంచాను. అదే సమయానికి కరెంటు పోయింది.

"మీ సండాసు దూరం బావా! నాకు పిశాబు ఆగకుండె!"

గిర్ని చక్రం కూడా ఆగిపోయింది. ఆడవాళ్లు డబ్బాల్లోకి చూసుకుంటూ నవ్వుకున్నారు. శాంతప్ప మీసాల మీది పిండి తుడుచుకున్నాడు. కరుగుతాడనుకున్నాను. మొహం ఇంకా ఎర్రబడింది.

"అంటే మా నాయిన కట్టిన ఇంటిని సండాసుతోని తూకమేసినవా? ఎలక్షన్ కోసం చేసిన అని చెప్పినా బాగుండు బావా. అది ఇజ్జత్ ఉన్న దుష్మనీ."

"నాకు మూత్రపిండాలు పోతుండె బావా."

అతను గిర్ని మూతికి కట్టిన గుడ్డ దులిపాడు. తర్వాత, "వచ్చే శుక్రారం మా ఇంట్ల పెట్టు. సంఘం కోసం. నీతోని మాత్రం నాకు మాటల్లేవ్," అన్నాడు.

శుక్రవారం వాళ్ల ఇల్లు నిండిపోయింది. పాత ఊరివాళ్లూ వచ్చారు, విక్టర్ వెంట కొత్త కాలనీ వాళ్లూ వచ్చారు. శాంతప్ప అందరినీ పలకరించాడు, నన్ను తప్ప. పాటలయ్యాయి, వాక్యమయింది. చివరి ప్రార్థన నేనే చేయాలి. మా కూటాల్లో ఆ ప్రార్థన మొదలైందంటే ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్లు తెరవరు. నేను మొదలుపెట్టాను. కొంతసేపటికి ఎవరో లేచిన చప్పుడు. ప్రార్థన చేసేవాడు కళ్లు తెరిస్తే పట్టుకునేవాడు లేడు కాబట్టి ఒక కన్ను తెరిచి చూశాను. శాంతప్ప వంటగది దాటి పెరట్లోకి పోతున్నాడు. మోకాళ్లు దగ్గరపెట్టి, అడుగులు చిన్నగా, వేగంగా. ఆ నడక నాకు బాగా తెలుసు. రెండేళ్లు నేను నడిచిందే.

ముగించబోతున్న ప్రార్థనను మళ్లీ ఎత్తుకున్నాను. ఇప్పుడు ఆమేన్ అంటే అందరూ కళ్లు తెరుస్తారు. ఇంటి యజమాని చోటు ఖాళీగా కనబడుతుంది. వర్షాల కోసం ప్రార్థించాను. కందిపంట కోసం, ఔరాద్ రైతుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థించాను. అతను ఇంకా బర్రెల కొట్టం కూడా దాటి ఉండడు. బగ్దల్‌లో, బసవకళ్యాణ్‌లో ఉన్న విశ్వాసుల కోసం, హైవే మీద బస్సులు నడిపేవాళ్ల కోసం, ప్రభుత్వాల కోసం ప్రార్థించాను. ఇప్పుడు చేరి ఉంటాడు. చేరితే అయిపోదు, అసలు సంగతి అక్కడి నుంచే మొదలవుతుంది. రోగుల కోసం, నర్సుల కోసం, విధవల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం ప్రార్థించాను. విక్టర్ కొడుకు ఆవలించాడు. సుగుణమ్మ మోచేత్తో పొడిచింది. నేను ఆగలేదు. జొన్నల ధర కోసం కూడా ప్రార్థించాను. పెరటి తలుపు కిర్రుమంది. చెప్పులు విడిచిన చప్పుడు, తర్వాత చాప మీద కూర్చున్న చప్పుడు.

"ఆమేన్," అన్నాను.

చాయ్ గ్లాసులు తిరుగుతుంటే శాంతప్ప నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. చాయ్ ఊదుకున్నాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, జీవితంలో మొదటిసారి నాకు మాత్రమే వినబడేట్టు అడిగాడు.

"బావా, నీ డాక్టరు మంచోడేనా?"

"మంచోడే. నీకు ఎన్ని దినాలసంది?"

"నీకంటే ముందుసంది."

నేను గ్లాసు కింద పెట్టేశాను. "మరి నాకొక మాట చెప్తె ఏమయ్యేది బావా?" అన్నాను.

"నీకు చెప్తెనా? ఆదివారం గుడిల లేచి, 'మన శాంతప్ప పిశాబు కోసం ప్రార్థన చేద్దాం' అని ప్రకటన చేస్తుంటివి."

చేసేవాణ్ణే. అందుకని ఎదురు మాట్లాడలేదు. సోమవారం మొదటి రైలుకు ఇద్దరం హైదరాబాద్ బయలుదేరాం.